ఏడుగురికి ఒకే కళ్ళు

దెయ్యాలు అర్ధరాత్రే వస్తాయని కనిపెట్టిన పెద్దమనిషెవరోగానీ, ఆయన లాక్‌డౌన్ చూసి ఉండడు. మా ఇంటికి అది మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. కింద వాటాలో కుక్కరు కూతేస్తోంది. ఎవరికీ భయం పుట్టని వేళ.

మాది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ, కిటికీ పక్కన నా కంప్యూటరు, నా వీపు వెనక ఒక బోసిగోడ. ఆ ఇంట్లో నలుగురం ఉన్నాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, రెండు రోజులుండి పోతానని వచ్చి లాక్‌డౌన్‌లో ఇరుక్కుపోయిన నా బావమరిది. అమ్మాయిని పిట్ట అంటాం. బావమరిదిని నేనేమంటానో మా ఆవిడ వినేటట్టు అనను.

నాది ఫోటో స్టూడియో. పాస్‌పోర్టు ఫోటోలు, స్కూలు ఫోటోలు, అప్పుడప్పుడూ పెళ్ళిళ్ళు. ఇరవై రెండేళ్ళుగా జనం మొహాలు చూసీ చూసీ నాకు మనుషులంటే ఒకరకం ఏవగింపు పట్టుకుంది. గడ్డం దించమంటే కళ్ళు దించుతారు. నవ్వమంటే పంటి నొప్పి వచ్చినట్టు మొహం పెడతారు. తీరా ఫోటో చేతికిస్తే "నేనిలా ఉండను" అంటారు. ఇలాగే ఉంటావు నాయనా, నా కెమెరాకి నీ మీద పాత పగలేమీ లేవు.

లాక్‌డౌన్ వచ్చాక స్టూడియోకి తాళం పడింది. ఊరంతా ఇంట్లో కూర్చుని కాలక్షేపం వెతుక్కుంది. అబ్బో, ఏం కాలక్షేపాలు! పుట్టి బుద్ధెరిగాక పుస్తకం ముట్టనివాడు వంద పుస్తకాలు చదువుతానని శపథం చేశాడు. కింద వాటా ఆవిడ ఫోన్లో చూసి డ్యాన్సు నేర్చుకుంటుంటే మా ఇంట్లో గ్లాసులు గలగలలాడేవి. ఎదురింటి రిటైర్డు ఇంజినీరు రోజూ బాల్కనీలో ఒకే మొక్కకి మూడు పూటలా నీళ్ళుపోసి నెల తిరక్కుండా దాన్ని చంపాడు. వీళ్ళంతా ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుందన్నారు. కొత్తగా ఎక్కేదేముంది, ఉన్నది బయటపడుతుందంతే అనుకున్నాను.

అందరినీ తలదన్నినవాడు మా బావమరిది. మొదటి వారం దండీలు తీసి నడుం పట్టేయించుకున్నాడు. రెండో వారం గిటారు, అదీ తీగల్లేకుండా ఫోన్లో. మూడో వారం వడ్రంగం. వాడు చేసిన స్టూలు మీద చీమ ఎక్కినా ఒరిగేది. నాలుగో వారం ఆ బోసిగోడకి ఠంగుఠంగుమని ఒక మేకు కొట్టాడు.

"ఎందుకురా అది?" అన్నాను.

"ఏదో ఒకటి తగిలించుకోవచ్చు కదా బావా. ఉండనీ."

"నిన్ను తగిలిస్తే సరి."

వాడు పళ్ళికిలించాడు. తిట్టినా నవ్వేవాడిని ఏం చెయ్యగలం. ఐదో వారం వచ్చి నా కంప్యూటరు పక్కన కుర్చీ వేసుకుని, "ఫోటోలు సరిచెయ్యడం నేర్పు బావా" అన్నాడు. గాడిదకి సంగీతం నేర్పినట్టు ఉంటుందని తెలిసినా, వాడి గిటారు కన్నా నయం అని ఒప్పుకున్నాను.

సరిగ్గా ఆ వారమే లెక్కల మాస్టారు పోయారు.

ఈ మాస్టారు మా వీధి చివరి బళ్ళో పాఠాలు చెప్పేవారు. నా కెమెరా ముందు ఎన్నిసార్లు కూర్చున్నారో, అన్నిసార్లూ రెప్ప వేశారు. ఆయనకి ఫ్లాష్ మెరుపు పడదు. నాలుగు తీస్తే నాలుగింటిలోనూ కళ్ళు మూతలే. "మాస్టారూ, మీకు కళ్ళున్నాయని ప్రభుత్వం నమ్మాలి కదా!" అని ఒకసారి పదిమందిలో అరిచాను. ఆయన సిగ్గుపడి, "ఇంకొక్కటి తియ్యి బాబూ" అన్నారు. అందులోనూ మూసుకున్నారు.

ఆస్పత్రిలో పోయారు. కొడుకు కడసారి చూపు కూడా చూడలేదు. ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. కుర్రాడంటే ముప్ఫై ఏళ్ళవాడే, పెళ్ళికానివాడు, ఒంటరిగా ఉంటాడు.

"అంకుల్, నాన్నది పెద్ద ఫోటో ఒకటి చేసిపెట్టండి. కళ్ళు తెరిచి ఉన్నది."

"తెరిచి ఉన్నది మీ నాన్న ఎక్కడ దిగనిచ్చాడు?" అందామనుకుని మింగాను.

మా పనిలో కళ్ళు అతికించడం మామూలే. ఒక ఫోటోలో రెప్ప పడితే అదే మనిషి ఇంకో ఫోటోలోంచి కళ్ళు తెచ్చి పెడతాం. నాకు పని నేర్పిన ముసలాయన ఈ విషయంలో ఒక్క మాటే చెప్పేవాడు. "పోయినవాళ్ళకి వాళ్ళ కళ్ళే పెట్టు. లేకపోతే చేత్తో గియ్యి, బాగా రాకపోయినా సరే. బతికున్నవాళ్ళవి మాత్రం పెట్టకు." ఎందుకని అడిగితే డార్క్‌రూము ట్రేలు కడుక్కురా పో అనేవాడు. కారణం చెప్పలేని ప్రతివాడూ ట్రేలు కడగమనే అంటాడు.

చేత్తో గియ్యడానికి నాకు ఓపిక లేదు. నా పాత ఫోటోలన్నీ స్టూడియోలో ఉండిపోయాయి. ఇంటి కంప్యూటర్లో ఉన్నవి పిట్ట ఫోటోలు. కొత్త లెన్సు కొన్నప్పుడు కిటికీ దగ్గర కూర్చోబెట్టి వందలకొద్దీ తీశాను. వెలుగు చక్కగా పక్కనుంచి పడి, నల్లగుడ్డులో తెల్లటి చుక్క మెరుస్తుంటుంది. ఆ చుక్కే ఫోటోకి ప్రాణం.

ఆ కళ్ళు తీసి, కొడుకు ఫోన్లో పంపిన మాస్టారి పాత ఫోటోలో పెట్టాను. కింద ముడతలు లాగాను, తెల్లగుడ్డుకి కాస్త పసుపు పూశాను. పావుగంట పని. పక్కన మా బావమరిది నోరు తెరుచుకుని చూశాడు.

"మన పిట్టవి కదా బావా! ఆయన కొడుకు కనిపెట్టడా?"

"ఎవడూ కనిపెట్టడు. జనానికి చూపు ఎక్కడుందిరా? కళ్ళు తెరిచి ఉంటే చాలు, తమనే చూస్తున్నారనుకుంటారు."

అలాగే అయింది. కొడుకు ఏడుస్తూ ఫోన్ చేశాడు. "నాన్న నన్నే చూస్తున్నట్టుంది అంకుల్." ఆ మాట ఆ నోటా ఈ నోటా పాకింది. ఇరవై రోజుల్లో తమవాళ్ళని పోగొట్టుకున్న ఇంకో ఆరుగురు అడిగారు. బస్సు కండక్టరు భార్య, నర్సమ్మ కూతురు, పాలబూత్ ఆయన అన్న... ఫోన్లో ఎప్పుడో తీసిన మసక ఫోటోలు పంపేవాళ్ళు. నేను కళ్ళు పెట్టి ఇస్తే, సగం షట్టరెత్తి పనిచేసే ప్రింటు షాపువాడు ఫ్రేము కట్టి పంపేవాడు. ఊళ్ళో అందరూ కాలక్షేపాలు చేసుకుంటుంటే నాకు పనుందని గర్వంగా కూడా ఉండేది. ఏడుగురికి ఒకే కళ్ళు. ఒక్కడూ కనిపెట్టలేదు. ఆ ఏడు ఫోటోలనీ వరసగా తెరమీద పెట్టుకుని నేనూ బావమరిదీ పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

ఆ మర్నాడే, మధ్యాహ్నం రెండింటికి, పిట్ట నేలమీద బోర్లా పడుకుని రంగు పెన్సిళ్ళతో బొమ్మ వేస్తోంది. వీధిలో అలికిడి లేదు. ఫ్యాను తిరుగుతోంది. ఇల్లంతా శానిటైజరు వాసన.

వంగి చూశాను. ఒక గది. ఆకుపచ్చ బీరువా. దాని పిడి విరిగితే తాడు కట్టారు. కుర్చీలో ఒక మనిషి... నడినెత్తి, భుజాలు, మోకాళ్ళు మాత్రమే ఉన్నాయి.

"ఇదేంటే, మొహం మర్చిపోయావా?"

"పైనించి చూస్తే మొహం కనిపించదు నాన్నా."

"పైకి నువ్వెప్పుడెక్కావు?"

"ఎక్కలేదు. కనిపిస్తుందంతే." పెన్సిలు ఆపకుండా చెప్పింది. "ఆ అన్నయ్య మళ్ళీ ఏడుస్తున్నాడు."

టీవీ ఎక్కువైందన్నాను. కానీ ఆ బొమ్మ నన్ను వదల్లేదు. పిల్లలు గదిని ఎదురుగా నిలబడి చూసినట్టు వేస్తారు. ఇది ఏడడుగుల ఎత్తునుంచి, కాస్త ముందుకు వాలి, కిందికి చూసినట్టుంది. ఎత్తులూ కోణాలూ నాకు తిండి పెట్టిన విద్య. గోడకి ఫ్రేము తగిలిస్తే ఉండే కోణం అది.

సాయంత్రం మాస్టారి కొడుకు వీడియో కాల్ చేశాడు, థాంక్స్ చెప్పడానికి. వాడి వెనక ఆకుపచ్చ బీరువా ఉంది. పిడికి తాడు కట్టి ఉంది.

నేను ఫోన్ పెట్టేశాను.

తర్వాతి నాలుగు రోజుల్లో పిట్ట ఏడు గదులు వేసింది. ఎక్కడ మంచముందో, ఎవరు ఏ మూల కూర్చుని అన్నం మానేశారో అన్నీ చెప్పేది. మామూలు గొంతుతోనే చెప్పేది, బడి సంగతులు చెప్పినట్టు. ఐదో రోజు మా ఆవిడ నన్ను వంటగదిలోకి లాగింది.

"ఏమండీ... గట్టిగా మాట్లాడకండి."

"ఏమైంది?"

"పిల్ల రెప్ప వెయ్యట్లేదు."

"నీకూ మీ తమ్ముడికీ..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆవిడ నా భుజం పట్టి తలుపు వైపు తిప్పింది.

తలుపు సందులోంచి చూశాను. పిట్ట కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఎండ నేరుగా మొహాన పడుతోంది. కళ్ళు తెరిచి ఉన్నాయి. ఒక నిమిషం... రెండు... ఐదు. ఎక్కడినుంచో ఈగ వచ్చింది. చెంపమీద వాలింది. పైకి పాకింది. కంటి మీద... నల్లగుడ్డు మీద నిలబడింది.

పిట్ట కదల్లేదు.

నల్లగుడ్డులో తెల్లచుక్క మెరుస్తోంది. నేను తీసిన ఫోటోలో ఎలా ఉందో అలాగే.

డాక్టరు ఫోన్లో చుక్కలమందు రాశాడు. మూడు రోజులు ఇలాగే ఉంటే కంటిపొర ఎండి చూపు పోతుందన్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళాలంటే రిపోర్టులు, పాసులు, క్యూలు. ఆ రాత్రి పిట్ట కళ్ళు తెరుచుకునే నిద్రపోయింది. మా ఆవిడ తడిగుడ్డ పట్టుకుని తెల్లవార్లూ పక్కన కూర్చుంది. అప్పుడు ఆవిడకి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. "నీకు పిల్ల కళ్ళే దొరికాయా?" అంది. అంతే. నన్ను నువ్వు అనడం అదే మొదలు.

పొద్దున్నే ముసలాయన చెప్పినట్టు చేత్తో కళ్ళు గియ్యడం మొదలుపెట్టాను. అలవాటు తప్పి ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ వచ్చాయి. వచ్చినట్టే పంపాను. రంగు తేడా వచ్చిందని అబద్ధమాడి, పాతవి తీయించి కొత్తవి పెట్టించాను. ఒక్కో ఫోటో మారినప్పుడల్లా పిట్ట చెప్పేది. "కండక్టరు మామయ్య గది పోయింది నాన్నా." "నర్సమ్మ గది పోయింది." సాయంత్రానికి ఆరు పోయాయి. ఒకటి మిగిలింది. రెప్ప మాత్రం పడలేదు.

మాస్టారి కొడుకు ఒప్పుకోలేదు.

"నాకిదే కావాలి అంకుల్."

"నీకు తెలీదు. అందులో తప్పుంది."

"తప్పేం లేదు." తర్వాత గుసగుసగా అన్నాడు. "మొన్నటినుంచి ఆయన రెప్ప వేస్తున్నారు."

చెప్పులేసుకున్నానో లేదో కూడా గుర్తులేదు. పోలీసు ఆపితే మందులన్నాను. వీధంతా సాయంత్రపు ఎండలో పడుంది. దుకాణాల షట్టర్లు, వాటి కింద ఎండుటాకులు, నా అడుగుల చప్పుడు. తలుపు తీసినవాడి మొహానికి మాస్కు, ఒళ్ళు కాలుతున్నట్టు ఎర్రబడ్డ కళ్ళు. లోపల గది నాకు కొత్తకాదు. బీరువా ఎక్కడుంటుందో, కుర్చీ ఎటు తిరిగి ఉంటుందో నాకు ముందే తెలుసు.

గోడమీద మాస్టారు.

"కూర్చోండి" అన్నాడు వాడు, మెల్లగా. "తొందరపడకూడదు. కాసేపు చూడాలి."

చూశాను. ముసలి మొహంలో నా కూతురి కళ్ళు. నన్ను చూసి... గుర్తుపట్టినట్టు...

రెప్పలు దిగాయి.

మెల్లగా దిగాయి, మెల్లగా లేచాయి. బతికుండగా నేను మెరుపు కొట్టినప్పుడల్లా దిగినట్టే.

వాడి కాళ్ళు పట్టుకున్నాను. అవును, నేనే. ఎవడి ముందూ తల వంచని నేను, వెక్కిరించి వెక్కిరించి బతికిన నేను. అవి నా పిల్ల కళ్ళురా బాబూ అని చెప్పాను. మీ నాన్న మొహానికి ఇంతకన్నా ఎందుకులే అనుకుని అతికించానని కూడా చెప్పాను.

వాడు ఫ్రేము వైపు తలెత్తాడు.

"బతికుండగా ఆయన నన్నెప్పుడూ ఇంతసేపు చూడలేదు అంకుల్" అన్నాడు. మేకునుంచి ఫ్రేము తీసి, బోర్లించి నా చేతిలో పెట్టాడు. అటు తిరిగి దగ్గాడు. దగ్గుతూనే ఉన్నాడు.

అద్దం తీసి, బ్లేడుతో ఆ కళ్ళు రెండూ కోసి ముక్కలు చేశాను. అప్పుడే ఫోన్ మోగింది. మా ఆవిడ ఏడుస్తోంది. "వేసిందండీ... రెప్ప వేసింది... మంటగా ఉందని కళ్ళు నలుపుకుంటోంది!"

ఇంటికి పరిగెత్తాను. పిట్ట కళ్ళు ఎర్రగా, నీళ్ళతో, టపటపా కొట్టుకుంటున్నాయి. అంత అందమైన దృశ్యం నా కెమెరాకి ఏనాడూ దొరకలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దు పెట్టుకున్నాను.

"అన్ని గదులూ పోయాయా తల్లీ?"

"ఆ. ఏడూ పోయాయి." రెప్ప వేసింది. "కొత్తది ఒక్కటే ఉంది."

"కొత్తదా?"

"మన ఇల్లే. కిటికీ, నీ కంప్యూటరు... పైనించి. అమ్మ కింద కూర్చుంది, నేనూ ఉన్నాను. మామయ్య స్టూలు ఎక్కి దిగుతున్నాడు."

"మరి నేను?"

పిట్ట గదంతా వెతికినట్టు కళ్ళు తిప్పింది.

"నువ్వు లేవు నాన్నా."

వెనక్కి తిరిగి చూశాను. బోసిగోడ. మేకు.

ఇది జరిగి ఆరు రోజులైంది. రెండో రోజు నాకు గొంతులో గరగర మొదలైంది. మూడో రోజు జ్వరం. ఇప్పుడు ముందు గదిలో ఒంటరిగా ఉన్నాను, తలుపు అవతల పళ్ళెం పెట్టి వెళుతున్నారు. మాస్టారి కొడుకు నిన్న పోయాడట. నాకు చావంటే మరీ అంత భయం లేదు, ఒట్టు. నా భయమల్లా ఒక్కటే. ఇరవై రెండేళ్ళు ఊరందరి ఫోటోలు తీసిన నాకు, నా ఫోటో ఒక్కటీ లేదు. నేనెప్పుడూ కెమెరా వెనకే ఉన్నాను. రేపు నాకొకటి కావలసివస్తే...

అందుకే పొద్దున్న కెమెరా స్టాండుకి బిగించి, కిటికీ దగ్గర కూర్చున్నాను. టైమరు పెట్టాను. కళ్ళు పెద్దవి చేసుకుని, లెన్సులోకి గుచ్చి చూశాను. క్లిక్.

మూసుకుని ఉన్నాయి.

మళ్ళీ తీశాను. మళ్ళీ. రెప్పల్ని వేళ్ళతో పట్టుకుని తీశాను. ఫోటోలో వేళ్ళున్నాయి, వాటి మధ్య రెప్పలు మూసి ఉన్నాయి. ఇప్పటికి నలభై ఒకటి. నేను రెప్ప వెయ్యలేదు. నలభై ఒక్కసార్లూ వెయ్యలేదు.

పిట్ట ఫోటోలన్నీ కంప్యూటర్లోంచి తుడిచేశాను. ఆ మాటా, ఫోటోల్లో నా కళ్ళు మూసుకుపోతున్న మాటా తలుపు సందులోంచి బావమరిదికి చెప్పాను. పిట్ట రెప్ప పడకపోవడం కంటిజబ్బేనని వాడి నమ్మకం.

"అయ్యో, ఎందుకు బావా? సర్లే, నా ఫోన్లో కాపీ చేసి పెట్టుకున్నాను" అన్నాడు. "నువ్వు ఊరికే కంగారు పడి ఫోటోలు తీసుకోకు. మూసుకుంటే మూసుకున్నాయి. నేను సరిచేస్తాగా."

"వద్దురా... నీ కాళ్ళు పట్టుకుంటాను... పిట్టవి పెట్టకు..."

దగ్గు తెర వచ్చి మిగతాది వాడికి వినిపించలేదు. అవతల నవ్వాడు. తిట్టినా, ఏడ్చినా వాడికి ఆ నవ్వొక్కటే తెలుసు.

"నువ్వే కదా బావా నేర్పావు" అన్నాడు. "ఎవడూ కనిపెట్టడు."